నాదర్‌గుల్ నుంచి నాదర్‌గుల్‌కే

మొదటి రోజు, శనివారం

“నీ బరువెంతుంటది ఇప్పుడు?”

శుక్రవారం రాత్రి ఫోన్ ఎత్తగానే బావ అడిగిన మొదటి మాట ఇది. ఎనభై రెండు అన్నాను. “నిజం చెప్పురా బామ్మర్ది” అన్నాడు. ఎనభై ఆరు అని ఒప్పుకున్నాక గానీ కాగితం మీద రాసుకోలేదు.

బావకు, ఆయన దోస్తులు ఇద్దరికి కలిపి ఒక సెస్నా 172 ఉంది. సొంత విమానం అనగానే మా చుట్టాలందరికీ తెల్ల సోఫాలు, చల్లటి జ్యూసులు గుర్తొస్తాయి. నిజానికి అది నలభై ఏళ్లు దాటిన ఒంటి ఇంజను, నాలుగు సీట్ల బండి. ఖాళీగా తూస్తే 640, 650 కిలోలు ఉంటుంది. మన పాత మారుతి 800 కూడా అంతే. ఇంజను 160 హార్స్ పవర్. 1956లో అమ్మకానికి వచ్చినప్పటి నుంచి ఈ రకం 44,000కు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంతకన్నా ఎక్కువ తయారైన విమానం ఇంకోటి లేదు. విమానాల్లో అంబాసిడర్ అనుకోండి. ట్యాంకుల నిండా పెట్రోలు పోస్తే నలుగురు ఒళ్లున్న మనుషులను మోయలేదు. అందుకే ఆ బరువు గొడవ.

నాకు డిసెంబరు చివరి వారంలో అయిదు రోజులు సెలవు దొరికింది. గోవా, ఊటీ అని లెక్కలు వేస్తుంటే బావ “ఏడికీ పోవద్దు, మా ఇంటికి రా, రోజూ ఇంత సేపు ఎగిరొద్దాం” అన్నాడు. తెల్లవారుజామున కూకట్‌పల్లిలో బయల్దేరి, ఔటర్ రింగు ఎక్కి, సగం ఊరు చుట్టి, చిన్న విమానాలు ఎగిరే మైదానం ఉన్న నాదర్‌గుల్ చేరేసరికి గంటకు పైనే పట్టింది. ఆ రోజు గాల్లో ఉన్నది 35 నిమిషాలు.

ఎక్కే ముందు తతంగం చాలా ఉంది. నాకు ఎగరడం కన్నా ఇదే ఎక్కువ నచ్చిందేమో కూడా. బావ చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం. రెక్క కింద పిన్ను నొక్కి అందులోకి కాస్త పెట్రోలు పట్టి, వెలుతురుకు ఎత్తి చూశాడు. నీలిమందు కలిపినట్టు లేత నీలం. రాత్రి మంచుకు ట్యాంకులో నీళ్లు చేరి ఉంటే అవి అడుగుకు దిగి, రంగు లేకుండా విడిగా కనిపిస్తాయట. తర్వాత చిన్న నిచ్చెన వేసుకుని రెక్క మీది ట్యాంకుల్లో పుల్ల ముంచి కొలిచాడు. రెండు మూతలు బిగించాడు. దిగాడు. మళ్లీ ఎక్కి ఇంకోసారి తిప్పి చూశాడు. మూత వదులుగా ఉంటే ఎగిరేటప్పుడు రెక్క పైన గాలి పీడనం తగ్గి పెట్రోలును బయటికి గుంజేస్తుందట. “ఇంట్ల గ్యాస్ బంద్ చేసినవా అని మీ అక్క నాలుగు సార్లు చూస్తది గదా, నాది ఇది” అన్నాడు.

అన్నిటికన్నా వింత, జేబురుమాలు తీసి ఎడమ రెక్క అంచున ఉన్న చిన్న రంధ్రానికి అడ్డం పెట్టి, నోరు ఆనించి గాలి పీల్చాడు. లోపల ఎక్కడో సన్నగా బూర మోగింది. వేగం తగ్గి రెక్కలు పట్టు తప్పబోయే ముందు హెచ్చరించే బూర అది. కరెంటుతో పని లేదు, హార్మోనియంలో ఉండే రేకులాంటిదే. పైలట్ లైసెన్సు ఉన్న పెద్దమనిషి పొద్దున్నే విమానం రెక్కను చప్పరించడం చూశాక నాకు భయం సగం పోయింది. మిగతా సగం ఎందుకో పెరిగింది.

“కాళ్లు పెడల్స్ మీద పెట్టకు, చేతులు ఒళ్ళె పెట్టుకో.” రేడియో పట్టుకోగానే బావ గొంతే మారిపోయింది. పొద్దున పాలవాడితో కొట్లాడిన గొంతు ఇదేనా అనిపించేలా విమానం నంబరులోని వి, టి అక్షరాలను విక్టర్ టాంగో అంటూ మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా ఇంగ్లిషు. ఇంజను గుర్రుమంది. గంటకు వంద కిలోమీటర్లు దాటిందో లేదో ముందు చక్రం లేచింది. ఔటర్ మీద నేను వచ్చిన కారు అంతకన్నా జోరుగానే వచ్చింది.

ఆ తర్వాత ఊరు విప్పుకుంది.

పెద్ద విమానం పైకి లేచిన రెండు నిమిషాలకు కింద మనుషులు మాయమైపోతారు. పది నిమిషాలకు ఊళ్లు మాయం. మేము నేలకు పదిహేను వందల అడుగుల ఎత్తున ఉన్నాం. ఆ ఎత్తులో మనిషి ఇంకా మనిషే. స్కూటర్ మీద ఇద్దరు పోతున్నారంటే ఇద్దరని తెలుస్తుంది. మేడ మీద ఎర్ర చీర ఆరేస్తే ఎర్ర చీరే. రెక్కలు నెత్తి మీద ఉండడం వల్ల కిందికి చూపుకు అడ్డమేదీ లేదు. మీర్‌పేట, బడంగ్‌పేట మేడల మీద నల్ల ట్యాంకులు వేలకు వేలు, పలక మీద ఎవరో వేలితో చుక్కలు పెట్టినట్టు.

ఫోన్ తీయబోతే బావ మోచేత్తో పొడిచాడు. గాల్లోంచి ఫోటోలు తీయాలంటే అనుమతి కావాలట. దాంతో ఆ అయిదు రోజులూ కళ్లతోనే చూడాల్సి వచ్చింది. కొత్త అలవాటు.

ఆగ్నేయంగా ఇబ్రహీంపట్నం చెరువు దాకా పోయాం. కుతుబ్‌షాహీల కాలం నాటిది. ఆ కట్ట మీద కారులో నేను వందసార్లు పోయి ఉంటాను, ఎన్నడూ అది చెరువని తప్ప ఇంకేం తోచలేదు. పైనుంచి చూస్తే వేరే లెక్క. ఒక కట్ట నెలవంకలా వంగి ఉంది. దాని మత్తడి దగ్గర మొదలైన పచ్చటి గీత వంకర్లు తిరుగుతూ పోయి కింద ఇంకో చెరువులో పడింది. దాని మత్తడి నుంచి మళ్లీ గీత, మళ్లీ చెరువు. చెరువులన్నీ ఒక దారానికి గుచ్చిన పూసలు. దక్కన్ మిట్ట నేలలో నదిని నమ్ముకోకుండా వాన నీటినే మెట్టు మెట్టుగా దించుకుని పండించుకున్న తెలివి అది. గొలుసుకట్టు అని బళ్లో చదివి పరీక్ష రాసిన మాట, నలభై మూడేళ్ల వయసులో కంటికి ఆనింది. కొన్నిచోట్ల ఆ దారం తెగిపోయి ఉంది. తెగినచోట తెల్ల రాళ్లు నాటిన ప్లాట్లు, రోడ్లున్నా ఇళ్లు లేని వెంచర్లు. వర్షాకాలంలో ఏ కాలనీలో నీళ్లు నిలుస్తాయో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు, నన్ను ఎక్కిస్తే నేనే చెప్తాను.

ఇంటికి రాగానే అక్క పళ్లేలు పెడుతూ “ఏడికి పోయొచ్చిన్రు?” అంది.

“ఏడికీ లేదు. ఊకెనే” అన్నాడు బావ.

“ఏడికీ పోకుండ రావటానికి గంత పెట్రోలా?”

గంటకు ముప్పై లీటర్లు దాటి తాగుతుందని నేను చెప్పకుండా ఉండాల్సింది.

రెండో రోజు, ఆదివారం

పొగమంచు. ఎగరలేదు.

కంటిచూపు మీద ఆధారపడి ఎగిరే వాళ్లకు కనీసం అయిదు కిలోమీటర్ల దూరం కనపడాలి. మాకు షెడ్డు అవతలి చెట్టే కనిపించడం లేదు. అర్ధరాత్రి నేల చల్లబడి, చెరువుల తేమ దాన్ని ఆనుకుని పడుకుంటుంది. ఎండ తగిలితే గానీ లేవదు. బావ విసుక్కోలేదు. మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో టీ వంపి, “సగం రోజులు ఇంతే. ఇది ఓపిక లేనోళ్ల పని కాదు” అన్నాడు. లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగరాలట, ఆయనకు రెండేళ్లు పట్టింది. అందులో మబ్బులకు, ఆఫీసుకు, పెళ్లిళ్లకు పోయిందే ఎక్కువ.

మాటలు బేగంపేట మీదికి పోయాయి. మేము రసూల్‌పురాలో పెరిగాం. విమానం దిగేటప్పుడు మా అమ్మ మాట మధ్యలో ఆపి, అది పోయాక అదే వాక్యాన్ని ఆపిన చోట అందుకునేది. పాలుపోసే అతనూ అంతే, లెక్క మధ్యలో ఆగి మళ్లీ లెక్క. ఆ అలవాటు మా ఇంట్లో అందరికీ అంటుకుంది. 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాద్ పోయాక కూడా మా అమ్మ చాన్నాళ్లు వాక్యం మధ్యలో ఆగేది. నిజాం కాలంలోనే 1930లలో ఇక్కడ ఏరో క్లబ్బు ఉండేదని, 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ వచ్చిందని బావ చెప్పుకొచ్చాడు. అంటే సరదాకు ఎగిరే జబ్బు ఈ ఊరికి కొత్త కాదు.

పదకొండుకు మంచు విడిపోయింది. కానీ మధ్యాహ్నం వంతు ఇంకో వాటాదారుది. ఆయన వచ్చి మా ముందే ఎగిరిపోయాడు. మేము ఇంటికొచ్చి పప్పు, చింతకాయ తొక్కుతో తిని పడుకున్నాం.

మూడో రోజు, సోమవారం

ఇవాళ ఈశాన్యంగా, భువనగిరి వైపు. పదమూడు పద్నాలుగు నిమిషాల దారి. రోడ్డు మీద ఉప్పల్ దాటడానికే అంత పడుతుంది.

ఎటు పడితే అటు పోవడానికి లేదని ఇవాళ బాగా అర్థమైంది. మ్యాపు మీద హైదరాబాద్ చుట్టూ గీతలే గీతలు. పక్కనే శంషాబాద్. ఉత్తరాన హకీంపేట, దుండిగల్ రెండూ వైమానిక దళానివి. మధ్యలో బేగంపేట. ఇంకా రక్షణ శాఖ ప్రాంగణాలు. మనలాంటి చిన్న బండికి మిగిలేది ఈశాన్యమూ, తూర్పూ, ఆగ్నేయమూ. గండిపేట పైనుంచి చూడాలన్న నా ముచ్చట అట్లాగే ఉండిపోయింది.

పొద్దుటి గాలి ఎంత నిలకడగా ఉందంటే విమానం కదులుతున్నట్టే లేదు, నేలను ఎవరో కింద నుంచి మెల్లగా వెనక్కి లాగుతున్నట్టుంది. మూసీ దాటాం. 1908 వరద తర్వాత ఎగువన గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టి కట్టడి చేసిన నది ఇది. ఊరి అవతల ఇక్కడ కట్టడి చేసేవారెవరూ లేరు. నదికి అడ్డంగా కట్టిన చిన్న కట్టలు, కత్వల దగ్గర తెల్లటి నురగ, దూది ఆరబోసినట్టు. దానికి రెండు వైపులా కళ్లు చెదిరే పచ్చదనం. ఊరి మురుగంతా మోసుకొచ్చి పొలాలకు పోస్తోంది. ఈ ఎత్తుకు వాసన రాదు. అందుకే అంత అందంగా ఉందని బావతో అన్నాను. ఆయన నవ్వలేదు, వాళ్ల పెద్దమ్మ పొలం అటువైపే ఉంది.

కుడి వైపు పోచంపల్లి. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు, భూదానం మొదలైన ఊరు. బావ ఊరి మీదుగా తిప్పుతూ, “పోచంపల్లి మీదికెళ్లి పోయినమని మీ అక్కకు చెప్పకు. చీర ఏదంటది” అన్నాడు.

ఆ తర్వాత గుట్ట. భువనగిరి గుట్టను కింద నుంచి చూసిన వాళ్లకు అది ఒకే రాయి అని చెప్తే నమ్మరు. పక్క నుంచి, దానికి సమానమైన ఎత్తులో చుట్టూ తిరిగితే నమ్మక తప్పదు. చెవి ఆడించకుండా ఏనుగు పడుకున్నట్టు ఉంది. నెత్తిన కోట గోడలు. పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి బిరుదు త్రిభువనమల్లుడు, ఆ పేరు మీద త్రిభువనగిరి, అదే నలిగి భువనగిరి. సైన్యంతో ఎక్కాలంటే ప్రాణాలు పోయే ఆ రాతి చుట్టూ మేము ఎడమ రెక్క వంచి నాలుగు నిమిషాల్లో ప్రదక్షిణం చేసి వచ్చాం. మెట్ల మీద ఎవరో పిల్లలు చేతులూపారు. బావ రెక్కలు అటూ ఇటూ ఊపాడు. నేనేం చేయాలో తెలియక లోపల కూర్చుని చెయ్యి ఊపాను.

తిరుగుదారిలో పెట్రోలు డబ్బులు ఇస్తానన్నాను. ససేమిరా అన్నాడు. ప్రైవేటు లైసెన్సు మీద ఎవరినైనా ఎక్కించుకుని కిరాయి తీసుకోకూడదు. “పైసలు వద్దు. మటన్ తే, మీ అక్క వండుతది.” దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు కిలోలు తీసుకున్నాను.

నాలుగో రోజు, మంగళవారం

నాగార్జునసాగర్. ఈ వారానికి ఇదే దూర ప్రయాణం, పోను ముప్పై అయిదు నిమిషాలు. రక్షణ శాఖ అనుమతి నంబరు, ఇంకో నంబరు తీసుకోవడానికి బావ రాత్రే కాగితాలు పంపాడు, పొద్దున ఫోన్ల మీద ఫోన్లు. అరగంట సరదాకు గంటన్నర గుమాస్తా పని.

సాగర్ రోడ్డునే కింద పట్టుకుని పోయాం. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్. ఆ తర్వాత రాళ్లు. మన గుండ్ల వయసు 250 కోట్ల ఏళ్లు. పైనుంచి చూస్తే వాటిని ఎవరో పని మధ్యలో వదిలేసి అన్నానికి పోయినట్టుంటాయి. ఎండ ఎక్కుతున్న కొద్దీ ఆ బండలు వేడెక్కి గాలిని పైకి తంతాయి, అది మా బండిని ఎత్తేస్తుంది. చెరువు మీదికి రాగానే కిందికి దిగుతుంది. కళ్లు మూసుకున్నా సరే, కింద రాయి ఉందా నీరు ఉందా అని నడుముకు తెలుస్తుంది. ఒకచోట రెండు గద్దలు రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతున్నాయి. పైకి లేచే గాలి ఎక్కడుందో చెప్పేది అవే. బావ వాటికి దూరంగా తిప్పాడు.

అడగకూడదనుకుంటూనే అడిగాను, ఇంజను ఆగిపోతే ఏమిటని. బావ చాలా మామూలుగా ఎడమ వైపు ఒక కంది చేను చూపించాడు. “అందుల దిగుతం.” రెండు నిమిషాల తర్వాత ఇంకో బీడు. వెయ్యి అడుగుల ఎత్తు ఉంటే ఇంజను లేకున్నా రెండున్నర కిలోమీటర్లు జారుకుంటూ పోతుందట. ఆయన కళ్లు ఎప్పుడూ పొలాల మీదే ఎందుకుంటాయో అప్పుడు తెలిసింది. నేను చూసే అందం వేరు, ఆయన చూసేది వేరు. నాకు గుడి గోపురం కనిపిస్తే ఆయనకు దాని పక్క కరెంటు తీగలు కనిపిస్తాయి.

కృష్ణ ఒక్కసారిగా వచ్చేసింది. కొండల మధ్య ఆ నీలం ఎంత వెడల్పంటే ఆ వైపు ఒడ్డు మంచులో కలిసిపోయింది. ఆనకట్ట దగ్గరికి పోలేదు, దూరంగానే మలుపు తీసుకున్నాం. 1955 డిసెంబరులో నెహ్రూ పునాది రాయి వేసిన కట్టడం, 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. ఇక్కడి నుంచి నీళ్ల అంచున పెట్టిన దువ్వెనలా ఉంది. నీటి మధ్యలో నాగార్జునకొండ, మునిగిపోయిన లోయలోంచి తవ్వి తెచ్చిన శిథిలాలను మోస్తున్న దీవి. నన్ను ఆపింది అవేవీ కాదు, ఎడమ కాలువ. ఆ కాలువ గట్టుకు పై వైపు గోధుమరంగు, కింది వైపు ఆకుపచ్చ. గీత గీసినట్టు, మధ్యలో ఇంకో రంగే లేదు. కాలువకు వంద గజాలు పైన పుట్టిన రైతుకూ, కిందన పుట్టిన రైతుకూ మధ్య తేడా ఆ గీతే. కింది వైపు యాసంగి నాట్లకు మడులు తడుస్తూ మెరుస్తున్నాయి.

ఇద్దరం మాట్లాడలేదు. వచ్చేటప్పుడు ఎదురుగాలి. దిగేటప్పుడు నేల రెండడుగుల దూరంలో ఉండగా రెక్కలోని బూర కుయ్యిమంది, చక్రాలు తాకాయి. బావ కూడా మొదటిసారి ఎగిరినట్టు నవ్వుకున్నాడు.

“ఏడికి పోయొచ్చిన్రు?” అంది అక్క. ఈసారి సాగర్ అని చెప్పాం. “మరి చేపలు?”

అయిదో రోజు, బుధవారం

ఆరేళ్లలో అక్క ఒక్కసారి కూడా ఆ విమానం ఎక్కలేదు. ఇవాళ తనే “ఈ ఏడికీ పోని చోటేందో నేను కూడ చూస్త” అంది. బరువు మాత్రం చెప్పలేదు. బావ అడగలేదు కూడా, తనే ఏదో అంకె వేసుకున్నాడు.

సాయంత్రం నాలుగు. గాలి పొద్దుటిలా లేదు, కాస్త కుదుపులు. అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టి నేను వెనక కూర్చున్నాను. చున్నీని ముడి వేసి ఒళ్లో పెట్టుకుంది. లేచినప్పుడు కళ్లు మూసుకుంది, పెదాలు కదులుతున్నాయి. మైదానం చుట్టూనే, వెయ్యి అడుగుల ఎత్తులో రెండు చుట్లు. ఒక చుట్టు మీర్‌పేట మీదుగా పోతుంది. అక్కడికి వచ్చాక కళ్లు తెరిచింది. అద్దానికి నుదురు ఆనించి కిందికే చూస్తూ ఉండిపోయింది. బావ ఓరగా చూసి నాకు కన్ను కొట్టాడు, పడిపోయింది అన్నట్టు. హెడ్‌సెట్‌లో ఆమె ఊపిరి తప్ప ఇంకేం వినిపించలేదు.

మొత్తం పద్దెనిమిది నిమిషాలు. దిగాం, పక్కకు తెచ్చి ఇంజను ఆపాం. ప్రొపెల్లర్ ఆగాక ఒక రకమైన నిశ్శబ్దం ఉంటుంది, చెవులకు మళ్లీ పిట్టలు వినపడే నిశ్శబ్దం.

“ఎట్లుందే?” అన్నాడు బావ.

అక్క హెడ్‌సెట్ తీసి జుట్టు సర్దుకుంది. “ట్యాంకు మూత తెరిచుంది.”

బావ ముఖంలో నెత్తురు లేదు. తలుపు తోసుకుని దూకాడు, నిచ్చెన లాక్కొచ్చాడు, ఎక్కి ఎడమ రెక్క మీద చెయ్యి పెట్టి తడిమాడు. బిగించే ఉంది. నిచ్చెన మోసుకుని అటువైపు పరుగెత్తి కుడి రెక్క చూశాడు. అదీ బిగించే ఉంది.

“మన ఇంటి మీదిది” అంది అక్క, కిందికి దిగుతూ. “నల్ల ట్యాంకు. పొద్దున నీళ్లు చూస్తనని పైకెక్కింది ఎవరు?”

బావ ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు.